గోడ సీను

ఆ సినిమాహాల్లో టార్చి అక్క పద్దెనిమిదేళ్లుగా సీట్లు చూపిస్తోంది. నడక చూసే ఎవరికి ఏ వరస కావాలో చెప్పేస్తుంది. కాళ్లు వాచినా కూర్చోదు, తలుపుకి వీపు ఆనించి నిలబడుతుంది. ఈ వారం ఏదో పరాయి దేశపు సినిమా ఆడుతోంది. అందులో ఇద్దరు స్నేహితురాళ్లు, పడుచుపిల్లలు, ఏమీ తోచక గోడెక్కి కూర్చుని కాళ్లూపుతుంటారు. పొద్దుటాటకి వచ్చింది తొమ్మిదిమందే, బట్టల ఫ్యాక్టరీలో కుట్టే అమ్మాయిలు. వారం మొత్తానికి వాళ్ల సెలవు ఈ ఒక్కపూటే. ఓనరు ఆవులిస్తూ ఆపరేటరు గదికి బయల్దేరాడు, ఆ గోడ సీను ఎగరగొట్టించి ఆట త్వరగా ముగిద్దామని. టార్చి అక్క అతనికంటే ముందు మెట్లెక్కి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోవమ్మా. ఏముందందులో? నాకే విసుగొస్తోంది!"

"మీకు రోజూ వస్తుంది సార్. విసుగు పుట్టేంత తీరిక ఆ పిల్లలకెప్పుడు దొరికింది? పదహారు నిండగానే కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. టికెట్ కొన్నారు, మొత్తం చూస్తారు. సీను ముట్టుకున్నారో, రేపణ్ణుంచి సీట్లు మీరే చూపించుకోండి."

లోపల ఆపరేటరు చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. "అక్క మాట కాదనలేను సార్."

ఓనరు ఒక మెట్టు వెనక్కి దిగాడు. కింద తెరమీద ఒక పిల్ల గోడ దిగబోయింది. వెంటనే హాల్లోంచి ఒక గొంతు గట్టిగా వినబడింది.

"అప్పుడే దిగకే తల్లీ, ఇంకాసేపు కూర్చో!"

తొమ్మిదిమంది నవ్వూ మెట్లమీదుగా పైదాకా వచ్చింది.