బ్యూలా బరువు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, తమిళుల ఆడి (ఆషాఢ) మాసం మొదట్లో, దేశవ్యాప్త పోషకాహార సర్వేకి చెన్నై ఉత్తర భాగంలో నన్ను పర్యవేక్షకురాలిగా వేశారు. ఉద్యోగ విరమణకు ముందు నాకదే ఆఖరి పెద్ద పని. ఐదేళ్ళలోపు పిల్లలనీ, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళనీ తూచి, ఎత్తు కొలిచి, వేలి చివర సూది గుచ్చి నెత్తురు పరీక్ష చేయడం మా బాధ్యత. వైద్యం చేయడం మా బాధ్యత కాదు. శిక్షణలో ఈ రెండో మాట చెప్పినన్నిసార్లు కొలవడం ఎలాగో కూడా చెప్పలేదు.

కొలిచే అమ్మాయిలు ఇద్దరిద్దరుగా తిరుగుతారు. ఒకరు కొలిస్తే ఒకరు ట్యాబ్‌లో ఎక్కిస్తారు. కుదురుగా నిలబడని పిల్లల్ని విడిగా తూచరు. ముందు తల్లిని యంత్రం మీద నిలబెట్టి, అంకెను సున్నా చేసి, అప్పుడు బిడ్డను ఆమె చేతికిస్తారు. ఇక కనిపించేది బిడ్డ బరువు ఒక్కటే. బరువు తగినంత ఉంటే ట్యాబ్‌లో పచ్చరంగు వస్తుంది, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. మరునాడు కొన్ని ఇళ్ళకు పర్యవేక్షకురాలు వెళ్ళి మళ్ళీ తూస్తుంది. రెండు అంకెలూ కలిస్తే అమ్మాయిలు నిజంగా పనిచేసినట్టు. కలవకపోతే సంజాయిషీ రాసివ్వాలి.

అలా నేను వెళ్ళిన ఇల్లు తొండియార్‌పేటలో, హౌసింగ్ బోర్డు ఇళ్ళ మూడో అంతస్తులో ఉంది. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఇంటి పెద్ద రాహేలమ్మ. కొడుకు ఎన్నూరు రేవు లారీల మీద డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు సుగుణ కడుపుతో ఉంది. సుగుణ కూతురు బ్యూలాకి రెండేళ్ళు నిండబోతున్నాయి. ముందురోజు పచ్చరంగు వచ్చింది ఆ పిల్లకే.

రాహేలమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. “రండి డాక్టరమ్మా. పక్కింటి పిల్లోళ్ళంతా ఈనిపుల్లల మాదిరి ఉండారు. మా పాపని జూడండి, ఎంత బాగా ఒళ్ళు జేసిండాదో!” నేను డాక్టర్ని కాదమ్మా అంటే వినిపించుకోలేదు.

పిల్ల బుగ్గలు నిండుగానే ఉన్నాయి. కానీ ఎత్తుకుంటే ఏడవలేదు, నవ్వలేదు, నా మెళ్ళో గొలుసు వంకైనా చూడలేదు. ఆ వయసు పిల్ల కొత్త మనిషి చేతికొస్తే ఏదో ఒక అల్లరి చేయాలి. జుట్టు పలచబడి రాగిరంగుకు తిరిగింది. పాదాలు నున్నగా మెరుస్తున్నాయి. పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే, నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయింది. రెండో పాదమూ అంతే. అది కండ కాదు, నీరు. తిండిలో సారం లేని పిల్లల్లో కొందరు ఎండిపోతారు, కొందరికి ఇలా ఒళ్ళంతా నీరు చేరుతుంది. చూడ్డానికి బొద్దుగా ఉంటారు గానీ ప్రాణం గాల్లో దీపమే.

ఏం పెడుతున్నారని అడిగాను. సుగుణ అత్త వంక ఓసారి చూసి, మెల్లగా చెప్పింది. “నాకు నెల తప్పినప్పట్నించీ పాలు మాన్పించేసినాం మేడం. కడుపుతో ఉండేవోళ్ళ పాలు బిడ్డకి పడదంట. టీలో బన్ను ముంచి పెడతా, గంజి పోస్తా. బాల్వాడీలో సత్తుమావు ఎక్కువ ఇస్తా ఉండిరి. పోయిన నెల బరువు పెరిగిందనిజెప్పి నిలిపేసినారు.”

ఒంట్లో నీరు చేరి బరువు పెరిగితే, బాగుపడిందని ఆ గుప్పెడు సత్తుపిండీ ఆపేశారు! ఈరోజే పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆటో నేనే పిలుస్తాను, నేనూ వస్తాను అన్నాను.

రాహేలమ్మ మొహం మారిపోయింది. “నిన్న మీ పిల్లే గదమ్మా పచ్చ జూపించి, పాప సూపరుగా ఉండాదనింది. ఈరోజు మీరొచ్చి నీరంటారు. సరి, ఇప్పుడు మీరే తూయండి, జూస్తాం.”

తూచాను. నిన్నటి అంకే వచ్చింది, పచ్చరంగుతో సహా. రాహేలమ్మ ఇక మాట్లాడాల్సిన అవసరం కూడా లేదన్నట్టు పిల్లను సుగుణ చేతుల్లోంచి తీసుకుంది. పాదం మీది గుంట చూపిస్తే, పసిపిల్లల ఒళ్ళు మెత్తగా కాక రాయిలాగుంటుందా అంది. సుగుణ భర్తకు ఫోన్ చేయించాను. అమ్మ ఎట్ట జెప్తే అట్ట అన్నాడు. చివరికి, ఆదివారం ప్రార్థన అయినాక చూపిస్తామని ఒప్పుకున్నారు. అందులో సగం నన్ను మెట్లు దింపడానికే అని నాకు తెలుసు.

వీధిలో నిలబడి మా రాష్ట్ర సమన్వయాధికారికి ఫోన్ చేశాను. ఈ సర్వే ఫారంలో ఒంటినీరు నమోదు చేసే గడి లేదని, ఆ పిల్ల కేసుని వేరుగా నమోదు చేయాలని చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, రెండు కొలతలూ కలిశాయా అని. కలిశాయన్నాను. అయితే ఇంకేం మేడం, మీ టీమ్ బాగా చేస్తోంది, గడి లేనిదాన్ని ఎక్కడ ఎక్కిస్తాం అన్నాడు. అదే ఇంట్లో సుగుణకు నెత్తురు తక్కువని ఆసుపత్రి చీటీ ఇచ్చాం, ఎందుకంటే నెత్తురుకు గడి ఉంది.

బాల్వాడీ టీచరుకు విషయం చెప్పి, ఇంటికి వెళ్ళి నచ్చజెప్పమన్నాను. వెళ్ళిందట కూడా. సర్వే వాళ్ళే బాగుందన్నారు, నువ్వెవరు అని తిప్పి పంపారట. ఆమె పిండి ఆపిందీ మాదిలాంటి తక్కెడను నమ్మే గనక, ఆమెను మాత్రం ఏమనగలం.

ఆదివారం నేను వెళ్ళేసరికి కింద మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. శుక్రవారం పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయట. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. శనివారం తెల్లారకముందే పోయింది. సుగుణ లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

రాహేలమ్మ కుర్చీలోంచి అడిగింది. “మీ మిషిను తప్పు జెప్పిందా డాక్టరమ్మా?”

“లేదమ్మా. సరిగ్గానే చెప్పింది” అన్నాను.

“మరి మా పాప ఎట్ట పోయింది?”

ఆ పూట నాకు యంత్రం మీద, మా అధికారి మీద, ఆమె మీద కూడా సమానంగా కోపం వచ్చింది. ఆ కోపం ఎవరికీ ఉపయోగపడలేదు.

ఆ రికార్డు తీసేయమని రాసి పంపాను. కొలిచిన రోజుకు పిల్ల బతికే ఉంది, కొలత రెండుసార్లు సరిపోయింది, కాబట్టి రికార్డు చెల్లుతుందని జవాబొచ్చింది. నియమం ప్రకారం అది సరైన జవాబే. నివేదిక విడుదలైనప్పుడు మా ప్రాంతంలో తగిన బరువున్న పిల్లలు పెరిగారని వేదిక మీద చప్పట్లు కొట్టారు. పని నాణ్యతకు నాకో శాలువా కప్పారు. ఆ పెరిగిన పిల్లల్లో బ్యూలా ఉంది.

ఇప్పుడు కొత్తగా చేరే అమ్మాయిలు ఎవరైనా సలహాకి వస్తే నేను చెప్పేది ఒక్కటే. పిల్లను తూచే ముందు పాదాలు నొక్కి చూడండి, గడి ఉన్నా లేకపోయినా. రెండుసార్లు ఒకే అంకె వస్తే కొలత సరిగ్గా ఉందని అర్థం, పిల్ల బాగుందని కాదు.