ఎదురుకోళ్ల లెక్క

ఆ రోజుల్లో నాకు లోకంలో పరిష్కారం లేని చిక్కంటూ ఉంటుందని తెలియదు. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలకు చదువుతానని సూర్యాపేటలో కిరాయి గదిలో ఉండేవాణ్ణి. చదివింది తక్కువ, చెప్పింది ఎక్కువ. ఎదురెదురుగా వచ్చే రైళ్లు, ఏటికి ఎదురీదే పడవలు, బావిలోంచి జారుతూ పైకి పాకే కప్పలు, ఏ లెక్కైనా సరే ముందు బొమ్మ గీయాలనీ, పెద్ద అంకె భయపెడితే చిన్న అంకెతో చేసి చూడాలనీ, అదీ కాకపోతే జవాబు దగ్గర్నుంచి వెనక్కి నడవాలనీ పక్కగది వాళ్లను పిలిచి మరీ బోధించేవాణ్ణి. (వాళ్లందరికీ ఉద్యోగాలొచ్చాయి. నా సంగతి ఇక్కడ అప్రస్తుతం.)

అలాంటి సమయంలో అక్క పెళ్లి వచ్చింది. మాది నడిగూడెం, బావ వాళ్లది మిర్యాలగూడ, పెళ్లి కోదాడలోని ఫంక్షన్ హాల్లో. ఆ పెళ్లి అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి మా తాత పోయాడు, రెండోసారి బావకు కామెర్లు వచ్చాయి. ఇప్పుడీ ముహూర్తం దాటితే మూఢం. అక్క గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని నన్ను పట్టుకుంది. "తమ్ముడూ, ఈసారి గిన తప్పితే మల్ల మూడు నెలలు ఆగుడు నాతోటి కాదు. ఎదురుకోళ్ల కాడనే అందరూ ఆలస్యం చేస్తరు. జర నువ్వే సూడు" అంది. ఎదురుకోళ్లంటే తెలుసుగా, విడిది నుంచి మగపెళ్లివాళ్లు, మండపం నుంచి ఆడపెళ్లివాళ్లు మేళాలతో ఎదురు నడిచి, దారి మధ్యలో కలిసి, పానకం ఇచ్చి, పన్నీరు చల్లుకునే తంతు. నాకు ఒళ్లు పులకరించింది. ఇది అచ్చంగా రెండు రైళ్ల లెక్క!

ఇంక ఆగానా? విడిదికీ హాలుకీ మధ్య బజారంతా బొమ్మ గీశాను. పెళ్లి నడక ఎంత వేగమో తేల్చడానికి మా మేనమామను నడిపించాను. ఆయన భారీ మనిషి, నాలుగడుగులకోసారి ఆగి "ఏందిరా ఈ పరేషాన్" అనేవాడు. ఆ ఆగడం కూడా లెక్కలో వేసుకున్నాను. చివరికి ఇరుపక్షాలూ సరిగ్గా సైకిల్ షాపు ముందు కలుస్తాయని తేలింది. పెళ్లి పొద్దున అక్కడే జంపఖానా పరిపించి, పానకం బిందె పెట్టించి, ఫొటోగ్రాఫర్‌ను నిలబెట్టాను. "నాయినా, ఇగ ముహూర్తానికి ఢోకా లేదు" అని మాటిచ్చేశాను కూడా. నాయిన మొహంలో నమ్మకం కనిపించలేదుగానీ నేను పట్టించుకోలేదు.

నేను మరిచిపోయిన సంగతి ఒక్కటే, రైళ్లకు మర్యాదలుండవు. రెండు మేళాలూ జోరుగా వచ్చాయి. జంపఖానాకు కాస్త దూరంలో అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు టక్కున ఆగిపోయారు. ముందడుగు వేసిన వాళ్లు తగ్గినట్టట! బావ వాళ్ల పెద్దనాయన పంచె సర్దుకుని, "మగపెళ్లోళ్లం, మా దాకా మీరే రావాలె" అన్నాడు. మా మేనమామ కండువా భుజాన వేసుకుని, "మా ఊరు దాటి ఈడిదాకా వచ్చినం బావగారూ, ఇగ మీరే కదలాలె" అన్నాడు. ఈలోగా కుర్రాళ్లు చిందులు మొదలుపెట్టారు. మూడడుగులు ముందుకొస్తారు, పాట ఊపందుకోగానే రెండడుగులు వెనక్కి పోతారు. ఇది రైళ్ల లెక్క కాదు దేవుడా, కప్ప లెక్క! అని నెత్తి కొట్టుకున్నాను.

చివరికి పెద్దమనుషులు కలగజేసుకున్నారు. పెద్దనాయన దయతలచి, "సరే, ఉన్న దూరంల సగం మేమొస్తం" అని వచ్చి ఆగాడు. మేనమామ తక్కువ తిన్నాడా? "అయితే మిగిలిన దాంట్ల సగం మేమొస్తం" అని కదిలాడు. "ఆ మిగిలిన దాంట్ల సగం మేము" అన్నాడు పెద్దనాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నేనొక్కణ్ణే వేళ్ల మీద లెక్కేశాను. సగంలో సగం, అందులో సగం! ఈ లెక్కన కల్పాంతం దాకా నడిచినా ఎంతో కొంత దూరం మిగిలే ఉంటుంది!

అప్పుడు నా సెల్ మోగింది. అక్క. "ఏడున్నవ్‌రా?"

"సైకిల్ షాపు కాడ."

"ఇందాక గూడ గాడనే అన్నవ్ గద! పంతులు గడియారం సూస్తున్నడు" అంది. ఏడుస్తోంది. చిన్నప్పటి నుంచి నా ముందు ఏడవని మనిషి. బొమ్మలూ మరిచిపోయాను, అంకెలూ మరిచిపోయాను.

జవాబు దగ్గర్నుంచి వెనక్కి నడిచాను. కావలసింది ఈ జనం ఒకచోట కలవడం. పెద్దమనుషులు కదలరు, వాళ్లు స్థిరాంకాలు. మరి కదిలేదేది? మేళాలు! మా డప్పుల పెద్ద దగ్గరికి పరిగెత్తి, "అన్నా, వాళ్ల బ్యాండు ముందు మన డప్పు వినిపిస్తనే లేదు" అన్నాను. (నిజమే, నాకు ఆ క్షణాన ఏదీ వినిపించడం లేదు.) ఆయన కళ్లెర్రజేసి, మనుషుల్ని వెంటేసుకుని జంపఖానా మీదికి దూకాడు. మిర్యాలగూడ బ్యాండువాళ్లు ఊరుకుంటారా? బాకాలు పైకెత్తి వాళ్లూ దూకారు. వాళ్ల వెనక కుర్రాళ్లు, కుర్రాళ్ల వెనక ఆడవాళ్లు, ఆడవాళ్ల తోపులాటలో పెద్దమనుషులు! దుమ్ము సర్దుకునేసరికి పెద్దనాయనా, మేనమామా ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నారు. నేనే బిందె ఎత్తుకుపోయి ఇద్దరి చేతుల్లోనూ పానకం గ్లాసులు పెట్టేశాను. ముందు అడుగు ఎవరు వేశారన్నది ఇప్పటికీ తేలలేదు. ఇరువైపులా ఎవరికి వాళ్లు మేం కాదంటారు.

అందరం పరుగో పరుగు. తోవలో నా చెప్పు తెగింది, మేనమామ కండువా ఎక్కడో పడిపోయింది. పంతులు "ఇంక నిమిషాలే!" అని అరుస్తుండగా బావను పీటల మీద కూలేశాం. సరిగ్గా ముహూర్తానికి జీలకర్ర బెల్లం పడింది. అక్షింతల వానలోంచి అక్క నావైపు చూసి నవ్విన నవ్వుకు నేను ఎగిరి గంతేశాను. బ్యాంకు ఉద్యోగం వచ్చినా అంత సంతోషం ఉండేది కాదు.

ఆ గంతులు సాయంత్రం దాకా ఆగలేదు. దొరికినవాడికల్లా కథ చెబుతూనే ఉన్నాను. అక్క కారెక్కింది. అద్దంలోంచి చెయ్యి బయటికి పెట్టి నా జుట్టు సర్ది, "పరీక్షలకు మంచిగ సదువు తమ్ముడూ" అంది. కారు మిర్యాలగూడ తోవ పట్టింది. పొద్దుటి నుంచీ ఒంటికాలి మీద నిలబడి నేను తొందరపెట్టింది ఈ ప్రయాణాన్నే కదా అని అప్పుడు తట్టింది. ఏ బొమ్మలోనూ ఆ కారును గీయలేదు నేను. ఇప్పుడు ఆనాటి నన్ను తలుచుకుంటే వాడి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అక్కను అత్తారింటికి పంపడానికి ఎండలో తెగిన చెప్పుతో అంత ఉరికిన తమ్ముడు ఆ జిల్లాలో వాడొక్కడే అయి ఉంటాడు.