మా అన్న వద్దన్న కారు

ఈ రోజు పాత కారు చూద్దామని అన్నా నేనూ ఉరవకొండ వెళ్లాం. అమ్మేది బాడుగకు కారు తిప్పే ఖాసిం. డీజిల్ అంబాసిడర్ కాబట్టి ఖర్చు తక్కువే. గుంతల దారిలో తిప్పి చూస్తే నడుముకు కుదుపు తెలియలేదు, బ్రేకు తొక్కితే ఉన్నచోటే నిలిచింది. ఇంక కొన్నట్టే అనుకున్నాను. అన్న దిగి, తల అడ్డంగా ఊపాడు.

“అన్నీ బాగుండాయి ఖాసిం. కానీ ఇది శవాన్ని మోసిన బండి. ఇంట్లో ఆడోళ్లు, పిల్లోళ్లు ఎక్కాల్సింది. మాకొద్దప్పా.”

ఖాసిం అన్న వైపు తిరిగాడు.

“ఎవరి శవమన్నా? మీ నాయనదే కదా! ఆ పొద్దు అనంతపురం ఆస్పత్రి కాడ ఒక్క బండోడూ రానంటే, నేను కదా ఇంటికి తెచ్చింది?”

“నేనూ పక్కనే కూచోనుంటి కదప్పా. అందుకే తెలుసు,” అన్నాడు అన్న, ఏమాత్రం తడుముకోకుండా.

బస్సులో తిరిగొచ్చాం. దారంతా అన్న ఖాసిం మంచితనాన్ని పొగుడుతూనే ఉన్నాడు.

సుఖంగా ఉండాలి, బ్రేకులు బాగుండాలి, డీజిల్ తక్కువ తాగాలి, మా కష్టానికి ఎప్పుడూ వచ్చి ఉండకూడదు. అలాంటి కారు మీ ఎరుకలో ఉంటే చెప్పండి, మా అన్నకు కావాలట.