మూడు ముక్కల డిక్షనరీ

ఆ రోజుల్లో ఉద్యోగం కోసం నా ఆరాటం ఎంతటిదంటే, కుర్చీలో కూర్చున్నా కాళ్లు నడుస్తూనే ఉండేవి (ఇప్పుడు అవే కాళ్లను లేవమని బతిమాలుకోవాలి). అల్వాల్‌లో ఒక బడికి ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసింది. సీతాఫల్‌మండిలో మేము ముగ్గురం స్నేహితురాళ్లం కలిసి చదువుకునేవాళ్లం. అందరికీ ఒక్కటే డిక్షనరీ, అదీ మా మామయ్య వాడి వాడి కుట్లు ఊడదీసినది. వంతులవారీగా చదివే ఓపిక నాకెక్కడిది? "మూడు ముక్కలు చేద్దాం, ఆదివారం ఆదివారం మార్చుకుందాం" అన్నాను. బ్లేడు కూడా నేనే తెచ్చాను. మొదటి ముక్క మాలో కళ్లద్దాల పిల్లకు, నడిమి ముక్క ఆలస్యానికి (పేరు వేరు, నడత అది), చివరిది నాకు.

నా ముక్క తెరిస్తే 'ట్రాన్స్'తో మొదలయ్యే మాటలు బారులు తీరి ఉన్నాయి. లాటిన్‌లో 'ట్రాన్స్'కు అవతలికి అని అర్థమట. ట్రాన్స్‌పోర్ట్ అంటే అవతలికి మోసుకుపోవడం, ట్రాన్స్‌ఫర్ కూడా మోసుకుపోవడమే, ఆఖరికి ట్రాన్స్‌లేషన్ కూడా అర్థాన్ని అవతలికి మోసుకుపోవడమేనట! నాకు పిచ్చి పట్టింది. స్టేషన్ దగ్గర ఆటో అన్నకూ చెప్పబోయాను. "చెల్లె, గదంత మల్ల చెప్పు గాని, జెర దిగు. ఎనక బస్సోడు పరేషాన్ చేస్తుండు" అన్నాడు. ఆదివారాలు వచ్చాయి, ఆలస్యం రాలేదు. నేనూ నా ముక్క వదల్లేదు.

డెమో క్లాసు రోజు ఏడో తరగతి పిల్లల ముందు ట్రాన్స్ మాటలతో ఊపేశాను. బల్లకూ బోర్డుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో! ప్రిన్సిపాల్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నారు. ముందు వరుసలో రెండు జడల పిల్ల లేచి, "టీచర్, హాలిడే అనే మాట ఎట్ల పుట్టింది?" అంది. నోరు ఊరుకోదు కదా, "అది నా దగ్గర లేదమ్మా, ఆలస్యం దగ్గర ఉంది" అనేశాను. తరగతి గొల్లుమంది. బయటికొచ్చాక మేడమ్‌కు బ్లేడు సంగతి కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తెలియదు అనేటి మాట ఏ ముక్కల ఉందో జెర ఎతుక్కోని, వచ్చే సోమవారం రా అమ్మా" అన్నారావిడ.

వారమంతా ఊరి మీద పడి మూడు ముక్కలూ పోగుచేశాను. అన్నం తింటూ, రైల్లో నిలబడి, మొదటి పేజీ నుంచి చదివాను. హాలిడే అంటే ఒకప్పుడు పవిత్రమైన రోజని తెలిసింది. సోమవారం ఆ మాట నాలుక చివర పెట్టుకుని వెళ్లాను. రెండు జడల పిల్ల మళ్లీ లేచింది. "టీచర్, మరి డాగ్ ఎట్ల పుట్టింది?"

ఆ పేజీ చదివాను. కళ్లముందు కనిపిస్తూనే ఉంది. ఆ మాట పక్కన పుట్టుక తెలియదని రాసి ఉంది. అంత లావు పుస్తకం రాసినవాళ్లే ఒప్పేసుకున్నారు! మొదటిసారి నా కాళ్లు ఒకచోట నిలిచాయి. "తెలియదమ్మా. డిక్షనరీ రాసినోళ్లకు సుత తెలియదంట" అన్నాను.

వెనక బెంచీలోంచి మేడమ్ లేచారు. "రేపటి సంది వచ్చెయ్, అమ్మా."

ఇప్పటికీ అదే బడి. తెలియదని రోజుకు నాలుగుసార్లయినా అంటాను, హాయిగా అంటాను. కానీ వారం రోజుల్లో డిక్షనరీ అంతా మింగేద్దామని ఊరంతా పరిగెత్తిన ఆ పిల్ల ఎక్కడైనా ఎదురుపడితే మాత్రం ఆపను. వెనకాలే కొంత దూరం పరిగెత్తాలని ఉంటుంది.