ఓకోకి షుగర్ అన్న రోజు

అక్రా ఊరి చివర టెషీలో, సముద్రం వైపు వీధిలో అక్వేలే కెంకే అమ్మేది. పులిసిన మొక్కజొన్న పిండిని ముద్దలు చేసి, పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించి, వేయించిన చేపతోనూ మిరప పచ్చడితోనూ ఇచ్చేది. కొత్తవాళ్లెవరైనా దారి అడిగితే జనం ఆమె పేరు చెప్పేవారు కాదు. "అదిగో, ఆ లావుపాటావిడ దగ్గర" అనేవారు. ఆ మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది. వినపడనట్టు పొయ్యి ఎగదోసుకునేది.

ఆమెకో కవల చెల్లెలుంది. కవల ఆడపిల్లలకు అక్కడ అందరూ పెట్టే పేర్లే వీళ్లకీ పెట్టారు. ముందు పుట్టింది అక్వేలే, వెనక పుట్టింది అకువోకో. చిన్నదాన్ని అందరూ ఓకో అంటారు. ఓకో సన్నగా, పొడుగ్గా, వెదురు బద్దలా ఉంటుంది. బట్టలు కుడుతుంది. "కడుపులో ఉన్నప్పుడే చెల్లెలి వాటా కూడా ఇదే తినేసింది" అని తల్లి ఎప్పుడో నవ్వుతూ అన్న మాట ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. అందరూ నవ్వేవారు. అక్వేలే మాత్రం లోలోపల నమ్మింది. నలుగురి ముందు తినడం మానేసింది. బేరం అయిపోయాక పొయ్యి వెనక, గోడ వైపు తిరిగి కూర్చుని తినేది.

ఒకసారి రవిక కుట్టించుకోవడానికి వెళ్తే, ఓకో టేపు ఆమె చుట్టూ తిప్పి, కొట్లో ఉన్నవాళ్లకు వినపడేలా, "ఏంటక్కా, పక్క కొట్లోంచి ఇంకో టేపు తెప్పించమంటావా?" అంది. అందరితో పాటు అక్వేలే కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక ఆ రవిక రెండోసారి తొడుక్కోలేదు.

అలాంటి రోజుల్లో సెనామ్ అనే డాక్టరు వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. లావుగా ఉన్నవాళ్ల పేగుల్లో ఎలాంటి సూక్ష్మజీవులుంటాయో, వాటికీ షుగరుకూ ఏమన్నా సంబంధముందో చూస్తున్నారట. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం అయితే మరీ మంచిదట.

"నా కడుపులో పురుగులున్నాయంటావా డాక్టరమ్మా?" అంది అక్వేలే.

"పురుగులు కాదమ్మా. కంటికి కనపడని జీవులు, అందరిలోనూ ఉంటాయి. మనకి అరగని పీచుని అవి తిని, ఒంటికి పనికొచ్చేవి వదుల్తాయి."

"అంటే లోపల కూడా తినేవాళ్లే ఉన్నారన్నమాట!" అని ఓకో పకపకా నవ్వింది. "పదవే అక్కా, వెళ్దాం. నేను సన్నమని డాక్టర్లే రాసిస్తారు."

రక్తంతో పాటు మలం కూడా ఇవ్వాలి. డాక్టరిచ్చిన డబ్బాను అక్వేలే మూడు నల్ల సంచుల్లో చుట్టి, ట్రోట్రో బండిలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు కుర్రాడు ఆమెను గుర్తుపట్టి, "కెంకేనా అమ్మా? వేడిగా ఉందా? నాకోటియ్యి" అన్నాడు.

"అయిపోయింది నాయనా" అంది తలెత్తకుండా.

ఓకో నవ్వాపుకోలేక కిటికీకి నుదురు ఆనించింది. అక్వేలేకు బండి దిగి వెనక్కి పోవాలనిపించింది.

కొన్ని వారాల తర్వాత డాక్టరు ఇద్దరినీ పరగడుపున రమ్మంది. ఏం చెప్తారో తనకు తెలుసన్నట్టే అక్వేలే తల వంచుకుని కూర్చుంది.

"అక్వేలే గారూ, మీకు షుగర్ లేదు. పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు కూడా బాగా ఉన్నాయి. బీపీ, మోకాళ్లు మాత్రం చూసుకోవాలి. ఓకో గారూ, షుగర్ మీకుంది. ఇప్పుడొచ్చింది కాదు, చాన్నాళ్ల నుంచే ఉన్నట్టుంది. మీలో ఆ జీవుల రకాలు బాగా తక్కువ."

"సీసాలు మారిపోయుంటాయి" అంది ఓకో.

అక్వేలేకూ అలాగే అనిపించింది. "అవునమ్మా, దాన్ని చూస్తే తెలీట్లా? ఆ జబ్బు నాదే అయ్యుంటుంది."

డాక్టరు వాదించకుండా అక్కడే ఇద్దరి వేళ్లూ పొడిచి చూసింది. అక్వేలే అంకె మామూలుగా ఉంది. ఓకోది ఎంతో ఎక్కువ.

అప్పుడు అక్వేలే నవ్వింది. పెదవి విరిచి నవ్విన నవ్వు కాదు. కడుపులోంచి, ఒళ్లంతా ఊగేలా వచ్చిన పెద్ద నవ్వు. చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆగేసరికి ఓకో ఆమె వంకే చూస్తోంది. ఆ చూపు అక్వేలే ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఆ జీవుల వల్లే వచ్చిందా?" అని ఓకో మెల్లిగా అడిగింది.

"అలా చెప్పలేనమ్మా. జబ్బు వల్ల అవి తగ్గాయో, అవి తగ్గి జబ్బొచ్చిందో మాకే ఇంకా తెలీదు. మీరు మాత్రం మాత్రలు మానకండి."

బండి దిగి ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. సొంత చెల్లెలికి జబ్బని తెలిస్తే నవ్వొచ్చిందే, ఎలాంటిదాన్ని నేను, అని అక్వేలే కుమిలిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండు రోజుల్లో వీధిలో కొత్త మాట పుట్టింది. చేపలమ్మే ఆవిడ వచ్చి జాలిగా, "నీకు షుగరటగా అక్వేలే, ఓకో చెప్పింది. నోరు కాస్త కట్టుకోవే తల్లీ" అంది. అక్వేలే పొయ్యిలో పుల్ల ఎగదోసింది. కాదు అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఆ నవ్వుకు ఇదే శిక్ష అనుకుంది. వచ్చినవాళ్లందరూ బుద్ధులు చెప్పారు, ఆమె అన్నింటికీ తలూపింది. ఓకో రాలేదు, ఆమె వెళ్లలేదు.

వానలు మొదలయ్యాక ఓకో దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి, "అత్తా, అమ్మగారి కాలు వాసనొస్తోంది" అంది. మిషను తొక్కుతుంటే గీసుకున్న చిన్న పుండు. మానలేదు. ఓకో గుడ్డ కట్టి, మందుల కొట్లో అడిగి తెచ్చుకున్న గొట్టం మాత్రలు మింగుతోంది. షుగరు మాత్రల పొట్లం విప్పనే లేదు. ఆ జబ్బు తనదని ఒప్పుకోవడానికి ఆమెకూ సిగ్గే.

"లే, పద" అని అక్వేలే ఆమెను భుజం మీద ఆనించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. వరుసలో ఉండగా షుగర్ చీటీ చూసుకుంటూ నర్సు నేరుగా అక్వేలే దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. "షుగర్ పేషెంటువి నువ్వేగా? ఎంత ఒళ్లు పెంచావమ్మా! వేలు చాపు."

అక్వేలే వేలు చాపింది కూడా. పక్కన కూర్చున్నవాళ్లంతా చూస్తున్నారు. అప్పుడు ఓకో గట్టిగా అంది, "జబ్బు నాదండీ. మా అక్కకేం లేదు. నేనే అందరికీ అబద్ధం చెప్పాను."

ఓకో ప్రాణానికి ముప్పు తప్పింది కానీ కాలివేళ్లు రెండు తీసేశారు. మంచం పక్కన కూర్చుని అక్వేలే ఏడ్చింది. "ఆ రోజు నవ్వాను. నన్ను క్షమించవే."

"నీ చోట నేనుంటే ఇంకా గట్టిగా నవ్వేదాన్ని" అంది ఓకో.

ఇప్పుడు ఓకో మాత్రలు వేసుకుంటోంది, రెండో కాలితో మిషను తొక్కుతోంది. వీధికి నిజం తెలిసిపోయింది. ఆ నవ్వు సంగతి అక్కాచెల్లెళ్ల మధ్య మళ్లీ రాలేదు. అక్వేలేను కోస్తున్నది అది కాదు. చేపలావిడ అడిగినప్పుడు తను నిజం చెప్పి ఉంటే, నలుగురూ ఓకో వెంటపడి మాత్రలు మింగించి ఉండేవారు. శిక్ష అనుకుంటూ, నాకు నేనే మంచిదాన్ననిపించుకోవాలని నోరు మూసుకుని కూర్చున్నాను, ఆ వేళ్లని నా మంచితనమే తినేసింది, అనుకుంటుంది. ఈ మాట ఆమె ఓకోకి ఇంతవరకు చెప్పలేదు.