నాకు వినిపించని తూకం

ఖమ్మం మిర్చి యార్డులో నేను దడవాయిని. కాటా దగ్గర నిలబడి బస్తాల తూకం చూడడం నా పని. ఆ పనికో కట్టుబాటు ఉంది. తూకం కాగితం మీద ఎక్కకముందే అంకెను రైతుకు వినబడేలా అరిచి చెప్పాలి. ఎవరి బస్తా బరువు ముందు వాళ్ళ చెవినే పడాలి. పదకొండేళ్ళలో ఒక్కనాడూ నేనది తప్పలేదు. పొగరనుకున్నా సరే, చెప్పుకుంటాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే యార్డులోకి వస్తున్న రోజుల్లో నాకు ముక్కులోంచి నెత్తురు మొదలైంది. మిర్చి ఘాటు అనుకున్నాను. మా దగ్గర ముక్కు కారనివాడెవడు? ఎడమ చెవి దిబ్బడేసినా ఘాటే, మెడ పక్కన గడ్డ లేచినా ఘాటే. హమాలీలు చెప్పినట్టు ముక్కులో కొబ్బరినూనె చుక్క వేసుకుంటూ ఏడాది గడిపేశాను. నాది బుద్ధి తక్కువే, ఒప్పుకుంటాను. తర్వాత జరిగింది మాత్రం నా తప్పు కాదు.

చర్లలో బడిపంతులుగా ఉన్న మా అన్న, నా భార్యను ఖమ్మంలో ఇంటి దగ్గరే ఉండమని, నన్ను హైదరాబాదు దవాఖానాకు తీసుకెళ్ళాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు తెలుగూ అంకెలూ తప్ప రావు. అన్న లోపల డాక్టరుతో మాట్లాడుతుంటే నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

“ఏంగాదు తమ్మీ. ఘాటుకు లేసిన గడ్డనే. కరెంటు పెడితే కరుగుతది,” అన్నాడు వచ్చి.

నమ్మాను. అమ్మానాన్నలు పోయాక నన్ను సాకింది ఆయనే.

ముఖానికి జల్లెడలాంటి ప్లాస్టిక్ తొడుగు వేసి, బల్లకు బిగించి కరెంటు పెట్టేవారు. ముప్పై అయిదు సార్లన్నారు. పద్దెనిమిదో సారికి నోరంతా పుండ్లు. మంచినీళ్ళు కూడా మండేవి. అవతల యార్డులో సీజను. గడ్డ కరిగింది కదా, ఇక చాలన్నాను. అన్న రెండు రోజులు బతిమాలాడు. అసలు మాట మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే పూర్తయ్యేదాకా అక్కడే ఉండేవాణ్ణి. చివరికి, పుండ్లు మానాక యార్డుకు పోదువుగానీ అని, తనే బస్సెక్కించి చర్లలో తన ఇంటికి తీసుకెళ్ళాడు.

ఇప్పపూలు రాలే కాలం. అడవి దారంతా ఆ వాసనే ఉంటుంది, నా ముక్కుకు అందలేదు. అన్న ఇంటికి ఊరంతా వచ్చి నన్ను చూసిపోయింది. అడవిలో పోడు సేద్యం చేసుకునే ఒక ముసలావిడ గుప్పెడు కందులు తెచ్చిచ్చి కళ్ళు తుడుచుకుంది. గడ్డకు ఇంత ఏడుపెందుకని నవ్వుకున్నాను కూడా.

మూడు వారాలకు మళ్ళీ నెత్తురు పడింది. అన్న బడిలో ఉన్నాడు. కాగితాలు సంచిలో వేసుకుని ఒక్కణ్ణే భద్రాచలం వెళ్ళి ఒక డాక్టరుకు చూపించాను.

“నీకెవరూ చెప్పలేదా?” అన్నాడాయన. ముక్కు వెనక, గొంతు పైభాగంలో క్యాన్సర్ అట. మన వైపు అరుదుగా వచ్చే రకం. కరెంటుకు, అంటే రేడియేషన్‌కు, లొంగుతుంది గానీ మధ్యలో ఆపకూడదట. “మూడు వారాలు పోగొట్టుకున్నవు. రేపే పో.”

సాయంత్రం అన్నను నిలదీశాను.

“ఎవరెవరికి తెలుసు?”

“నీ భార్యకు. మీ వదినకు.”

“యార్డుల?”

“అవ్. హమాలీలకు గూడ.”

“నాకెందుకు చెప్పలే అన్నా?”

“చెప్తే భయానికే పోతవనుకున్న తమ్మీ.”

నా జబ్బు సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. నాతో కలిసి కూర్చుని అన్నం తిన్నవాళ్ళందరికీ తెలుసు. ఆ రాత్రి అన్న ఇంట్లో తినబుద్ధి కాలేదు.

మర్నాడే హైదరాబాదు వెళ్ళాం. అక్కడ ప్రతి సోమవారం బరువు చూసేవారు. ఇదివరకు నన్ను వంగి చూడనివ్వకుండా అన్నే అంకె చూసి, “ఏం తగ్గలే,” అనేవాడు. బస్తా ఎత్తి బరువు చెప్పగల నాతో!

ఈసారి మిషను ఎక్కి అన్నను పిలిచాను.

“సదువు. నాకు వినబడేటట్టు.”

“నలభై మూడు,” అన్నాడు మెల్లగా.

“గట్టిగ.”

వరండాలో జనమంతా తిరిగి చూసేలా అరిచాడు.

“ఇప్పుడు జబ్బు పేరు.”

తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడ్చాడు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. అన్న ఆ పేరు చెప్పేదాకా నేను మిషను దిగలేదు.