కరుణ పేరు మీద వెళ్లిన మెసేజ్

ఇరవై ఏళ్లు పైబడింది. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చదివేదాన్ని. గదిలో తెరలన్నీ ఒకే పెద్ద కంప్యూటర్‌కి కలిపి ఉండేవి. ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అవ్వాలి. 'వాల్' అని కొట్టి ఏం రాసినా, ఆ సమయానికి లాగిన్‌లో ఉన్న వాళ్లందరి తెరల మీదా ఒక్కసారే పడేది. పైన పంపినవాళ్ల పేరు కనబడేది.

ఆఖరి వరసలో నా పక్కసీటు కరుణది. ముమ్మిడివరం నుంచి బస్సులో వచ్చేది. నాకు అర్థం కానిది ఓపిగ్గా చెప్పేది. కోర్సు అయ్యేక ల్యాబ్‌లో ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. అది కరుణకేనని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఒకరోజు తను లాగవుట్ చెయ్యకుండా మంచినీళ్లకి వెళ్లింది. నేను ఆ కుర్చీలోకి జరిగేను. 'సార్‌కి ఏమీ రాదు, పుస్తకం చూసి అప్పజెబుతారు' అని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేసేను. నవ్వులాటకే చేసేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నవ్వులాటకైతే నా పేరుతోనే పంపి ఉండొచ్చు కదా?

గదంతా గొల్లుమంది. సార్ తెర మీద కూడా పడింది. ఆయన లేచి వచ్చేసరికి నేను నా సీట్లో ఉన్నాను. కరుణ అప్పుడే వచ్చి కూర్చుంది.

"ఏమ్మా, ఇది నువ్వే పంపేవా?"

"నేను కాదండీ. మంచినీళ్లకి వెళ్లేనండీ."

ఆయన నా వైపు తిరిగేరు. "ఈ అమ్మాయి లేచి వెళ్లిందా?"

"లేదండీ," అన్నాను. "ఇక్కడే ఉందండీ."

మెసేజ్ కంటే ఆ మాటే పెద్ద తప్పు. మెసేజ్ కొట్టేటప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. ఆ మాట మాత్రం కరుణ మొహం చూస్తూ, దానివల్ల ఏమవుతుందో తెలిసే అన్నాను. తను సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఉద్యోగం నాకొచ్చింది. పెళ్లయ్యేదాకా చేసేను.

చాలా ఏళ్లకి రాజోలులో ఒక పెళ్లిలో కనబడింది. స్కూల్లో టీచరుగా చేస్తోందట. "నాతో చదువుకుంది, ఆంటీకి నమస్కారం పెట్టు," అని కూతురికి చెప్పింది. నేను అబద్ధమాడేనని తనకి తెలియదా? పక్కనే కూర్చుని విన్నది కదా. ఆ పిల్ల చేతులు జోడించింది. నేను, భోజనాలయ్యేయా అని అడిగేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇది రాసేక కాస్త ఊపిరాడుతోంది. అదైనా నాకే మేలు, తనకి కాదు.